బానెట్ మీద మూడు వరసలు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడం. పద్మనాభం ఊరి దగ్గర మా పల్లెలో బడి ఉండేది. నా తర్వాత పుట్టిన ముగ్గురూ ఆ బడికే వెళ్ళారు. వాళ్ళకి తల దువ్వి పంపించి, నేను గేదెల్ని తోలుకుని గట్ల మీదికి వెళ్ళేదాన్ని. నలభై ఏడో ఏట, మల్కాపురంలో మా వీధి చివర కమ్యూనిటీ హాల్లో సాయంత్రం పూట ఆడవాళ్ళకి చదువు చెప్తున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. ఏడాదిన్నర పట్టింది. బస్సు బోర్డు చదివాను. మందు సీసా మీద కాగితం చదివాను. మా అమ్మాయికి ఫోన్లో రెండు ముక్కలు రాశాను. ఇది మాత్రం రాయలేదు. దీని గురించి ఇంట్లో ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. నోటితో ఒకటి చెప్పి, కాగితం మీద ఇంకొకటి పెట్టడానికి చెయ్యి రాలేదు.

మా ఆయన డ్రైవరు. ముదురు నీలం రంగు కారు, ఎవరో వాడి అమ్మిన బండి. పరవాడ మందుల కంపెనీల్లో షిఫ్టులకి వెళ్ళేవాళ్ళని దింపి, తిరిగి తెచ్చేవాడు. రాత్రి గుమ్మం ముందు పెట్టిన బండి తెల్లారేసరికి బూజు పట్టినట్టు ఉండేది. పోర్టు పక్కన ఉండేవాళ్ళకి ఇది కొత్త కాదు. బొగ్గు పొడి, ఇనప రాయి పొడి గాల్లో వచ్చి తీగ మీది బట్టల మీద, బిందె మూత మీద, పిల్లల చెవుల వెనక కూర్చుంటాయి. ఇల్లు ఊడ్చిన గంటకే అరికాళ్ళు నల్లబడతాయి.

పళ్ళు తోముకుంటూ ఆ దుమ్ములో వేలితో రాయడం ఆయన అలవాటు. బానెట్ మీద, డ్రైవరు కూర్చునే వైపు, అద్దానికి దగ్గరగా రాసేవాడు. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎప్పుడొస్తాడో, అంతే. నేను బకెట్టూ గుడ్డా పట్టుకుని వచ్చి, తుడిచే ముందు మా పాపని కేకేసేదాన్ని. పాప అప్పుడు అయిదో తరగతి. నిద్రకళ్ళతోనే వచ్చి చదివేది.

"పరవాడ. సాయంత్రం ఏడు. వంకాయ వద్దు."

"వంకాయే వండుతాను, సెప్పు మీ నాన్నకి" అనేదాన్ని.

"నువ్వు సదువుకుంటే పిల్లకి పొద్దున్నే ఈ డ్యూటీ తప్పిపోద్ది కదే" అనేవాడు, నోట్లో బ్రష్షుతోనే.

"నాను సదువుకుంటే నువ్వు రాసిన తప్పులన్నీ బయటపడతాయి. ఎందుకొచ్చింది?"

ఆ తర్వాత తుడిచేదాన్ని. నీళ్ళు తక్కువ రోజుల్లో పొడిగుడ్డతోనే. మా వీధిలో అందరూ అలాగే తుడుస్తారు.

ఆ రోజు మా తమ్ముడి కొడుక్కి అన్నప్రాసన. బండిలో నన్నూ పాపనీ పద్మనాభం తీసుకెళ్తానని నెల ముందు నుంచీ అంటున్నాడు. ముందురోజు సాయంత్రం వచ్చి, కుదరదన్నాడు. ఆయన స్నేహితుడొకడు పరవాడ కరెంటు ప్లాంటు నుంచి బూడిద తోలే లారీకి డ్రైవరు. వాడికి జ్వరం. ఒక్కరోజు బదులు వెళ్తానని మాట ఇచ్చాడట.

"నా వోళ్ళంటే నీకు లెక్కే నేదు" అన్నాను.

"ఒక్క రోజేనే. ఆడు నాకు ఎన్నిసార్లు సాయం సేసినాడు?"

"ఎల్లు. ఆ లారీతోనే కాపరం సేసుకో."

ఆయన నవ్వాడు. నాకు ఆ నవ్వు మీదే ఇంకా మండింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. పొద్దున్న ఆయన లేచిన చప్పుడు విన్నాను, గ్లాసు తీసిన చప్పుడు విన్నాను, వీధిలోకి ఎవరిదో మోటారు సైకిలు వచ్చి ఆగిన చప్పుడు విన్నాను. లేవలేదు.

తర్వాత బయటికి వస్తే బండి మీద రాసి ఉంది. ఎప్పుడూ ఒక వరస, మహా అయితే వరసన్నర రాసేవాడు. ఆ రోజు మూడు వరసలు. పైన చోటు చాలక కిందికి, బానెట్ ముందు అంచు దాకా వచ్చాయి. పాప ఇంకా లేవలేదు. లేపి చదివించుకోవచ్చు. నాకు ఆయన మాట వినబుద్ధి కాలేదు. నీళ్ళు కూడా ముంచలేదు. దండెం మీదున్న పాత లంగా లాగి, పొడిగానే, గట్టిగా, ఆ చివర నుంచి ఈ చివరకి తుడిచేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి కబురు వచ్చింది. మలుపు దగ్గర లారీ బోల్తా పడిందని.

పదో రోజు అయ్యాక మా అత్త నన్ను లోపలికి పిలిచింది. కొడుకు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏడవలేదు. నన్ను ఒకటే అడిగింది.

"ఎల్తా ఎల్తా ఏటన్నాడే?"

"ఏటీ అనలేదత్తా. నాను పడుకున్నాను."

"బండి మీద ఏటైనా రాసినాడా?"

"ఏటీ రాయలేదు."

అలా అనేశాను. రాశాడంటే ఏం రాశాడని అడుగుతుంది. తుడిచేశానంటే ఎందుకని అడుగుతుంది. అలా అడుగుతూ పోతే చివరికి తేలేది నేను అన్న లారీ కాపరం మాటే. ఆవిడ నమ్మినట్టు తల ఊపింది. కానీ ప్రతి ఏడూ తద్దినం నాడు, విస్తరి వేసేటప్పుడు అనేది. "ఆడు ఏటీ రాయకుండా ఎల్లినాడంటే నా మనసొప్పదే." నేను కూర వడ్డిస్తూ ఉండేదాన్ని.

బండిని మా మరిది కొన్నేళ్ళు నడిపాడు. తర్వాత అతను ఒక స్కూలు బస్సుకి కుదిరాడు. బండి మీద పరదా కప్పి గోడవారన పెట్టాము. నేను గాజువాకలో కార్లు కడిగే షాపులో పనికి చేరాను. మొదట బకెట్లు మోశాను, తర్వాత సీట్లు తుడవడం, తర్వాత బయట కడగడం. ఆ రోజుల్లోనే చదువు మొదలైంది.

చదువుకునే రోజుల్లో నన్ను పీడించింది ఇదొక్కటే. టీచరమ్మ ప్రతి వారం కొత్త అక్షరాలు బోర్డు మీద వేసేది. పక్కవాళ్ళు దిద్దుకుంటూ ఉంటే నేను వాటి మొహం చూస్తూ కూర్చునేదాన్ని. నువ్వు అందులో ఉన్నావా? ఆ మూడు వరసల్లో నువ్వున్నావా? గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా చీమలబారు లాంటిది తప్ప ఏమీ కనపడేది కాదు. చదవడం రాని కన్ను అక్షరాన్ని దాచుకోదు. కళ్ళు మూసుకుంటే బండి కనిపించేది, మెరిసే గీతలు కనిపించేవి, దగ్గరికి వెళ్ళేసరికి నా చేతిలో లంగా ఉండేది.

కిందటేడు మా అమ్మాయి అనకాపల్లి నుంచి వచ్చినప్పుడు, "డ్రైవింగు నేర్చుకున్నానమ్మా. నాన్న బండి నాకిచ్చెయ్" అంది. ఇచ్చే ముందు మెరిపించి ఇద్దామనుకున్నాను. షాపు నడిపే ఆయనకి చెప్పాను. గోదావరి వైపు మనిషి. వాళ్ళ నాన్న స్టీలు ప్లాంటులో చేరి ఇక్కడ స్థిరపడ్డాడు. నాకన్నా పదేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటాడు.

"పాలిషు మిషను మీరే పట్టండక్కా" అన్నాడు. "ఎన్నాళ్ళని బకెట్లు మోస్తారు? సొంత బండి మీద నేర్చుకుంటే అడిగేవాడు ఉండడండి."

ముందు బండి కడిగాము. తర్వాత ఇనప పొడి తీసే మందు చల్లాడు. మందు తెల్లగా పడింది. కాసేపటికి బానెట్ మీదంతా ఊదారంగు చుక్కలు పొడిచి, కలిసి, ధారలుగా కిందికి కారడం మొదలెట్టాయి. ఇది నేను వేరే బండ్ల మీద చాలాసార్లు చూశాను. ఇంత కారడం చూడలేదు.

"ఏం బండండి బాబూ ఇది, పోర్టంతా దీంట్లోనే ఉంది" అన్నాడు ఆయన. "చూశారా, పెయింటులోకి దిగిపోయిందండి ఇనుము."

నేను పక్కకి తిరిగి గొట్టంతో నీళ్ళు కొట్టాను.

తర్వాత మెత్తటి క్లే ముద్దతో రుద్దాము, గరుకు పోయి నున్నగా అయ్యేదాకా. ఆరబెట్టి, రబ్బరు పట్టీల మీద టేపు అంటించి, స్టాండు లైటు తెచ్చి బానెట్ మీద పడేట్టు పెట్టాడు. లైటు చుట్టూ సాలెగూడు లాగా సన్న గీతలు, గుండ్రంగా, వేలకొద్దీ.

"ఇవన్నీ పొడిగుడ్డ గీతలండి. ఎవరో తెగ తుడిచేశారు."

"నానే" అన్నాను.

ఆయన నవ్వి మిషను చేతికిచ్చాడు. బరువే. స్పాంజి ప్యాడు మీద కాంపౌండు, అదే మెరుగు పెట్టే మందు, నాలుగు చుక్కలు వేసి, ముందు తిరగకుండా పూసి, తర్వాత స్విచ్చి నొక్కమన్నాడు. నొక్కగానే అది చేతుల్లోంచి పక్కకి లాగింది. బిందె ఎత్తేటప్పుడు పట్టినట్టు పట్టుకున్నాను, అప్పుడు మాట విన్నది.

"ఒకటే గుర్తెట్టుకోండక్కా. ఒకచోట నిలపకూడదండి. అలా నడుస్తానే ఉండాలి. చెయ్యెనక్కి తిప్పి ముట్టుకుని చూడండి, వేడెక్కితే ఆపెయ్యాలి. ప్యాడుకి నీలం అంటిందనుకోండి, పైన గాజు లాంటి పొర ఉంటాది కదండి, అది పోయినట్టు. అక్కడితో ఆపెయ్యాలండి. ముందు అంచు దగ్గర మరీ పల్చగా ఉంటాది."

మూడుసార్లు అడ్డంగా, మూడుసార్లు నిలువుగా నడిపాను. తెల్లటి మడ్డిని గుడ్డతో తీశాను. ఆయన లైటు కొంచెం వంచాడు. సాలెగూడు పోయింది. అడుగున నల్లటి నీలం, నూతిలో నీళ్ళలాగా. ఆ నీలంలో కొన్ని గీతలు మిగిలి ఉన్నాయి.

"అవి లోతు గీతలండి" అన్నాడు. "దుమ్ములో వేలితో రాస్తారు చూడండి, అవి. మన దుమ్ములో ఇనుముంది కదా, ఇసక కాగితంతో గీసినట్టేనండి. పైగీతలు పోతేగానీ ఇవి బయటపడవు. ఈ ఊళ్ళో ఏ బండి తీసుకున్నా ఎవడో ఒకడి పేరు ఉంటాదండి."

అప్పుడే ఎవరో బండి తెచ్చి హారను కొట్టారు. ఆయన వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

లైటుకి ఎదురుగా నిలబడితే ఏమీ కనపడదు. పక్కకి వంగితే కనపడుతుంది. నేను వంగాను. అద్దం దగ్గర ఒకదాని మీద ఒకటి, ఎన్నో పొద్దులవి, కలిసిపోయి ఉన్నాయి. అందులోంచి 'పర' అన్నది రెండుసార్లు విడిగా దొరికింది. పరవాడ. మా ఆయన అక్షరాన్ని నేను చదవగలగడం అదే మొదటిసారి. గుండ్రంగా లేదు, తొందరగా, ఒక పక్కకి వాలి ఉంది. నా చెవుల్లో మా పాప నిద్రగొంతు వినిపించింది.

ఆ రోజు రాసిన పై వరసలు ఈ గజిబిజిలోనే కలిసిపోయి ఉంటాయి. కానీ కిందికి మా ఆయన ఎప్పుడూ రాసేవాడు కాదు, ఆ ఒక్కరోజు తప్ప. ఈ మాట అప్పుడు బుర్రలోకి వచ్చింది. కింద, ముందు అంచు దగ్గరికి లైటు లాగాను. అక్కడ ఇంకా నేను మిషను నడపలేదు, సాలెగూడే ఉంది. కాంపౌండు వేసి నడిపాను. తుడిచాను. వంగాను.

'కోపం' అని ఉంది.

దాని పక్కన ఇంకో మాట ఉంది. మొదటి అక్షరం వంపు మాత్రమే తేలింది, మిగతాదంతా సన్నగీతల కింద ఉంది. కోపం వద్దనా? కోపం తగ్గాక మాట్లాడతాననా? నీ కోపంతో నాకేం పనని పోయాడా? మళ్ళీ నడిపాను. తుడిచాను. వంపు ఇంకొంచెం తేలింది. ఇంకొక్కసారి నడిపితే మొత్తం కనపడుతుందనిపించింది. ఈసారి మిషనుని అటూ ఇటూ తిప్పలేదు. ఆ మాట మీదే పెట్టాను. ఉంచాను. కాలిన వాసన వచ్చింది. ప్యాడు అంచున నీలం రంగు నురుగు కనపడింది. కనపడలేదని చెప్పను. చూశాను. షాపు ఆయన చెప్పింది గుర్తుంది కూడా. అయినా ఒక్క క్షణం అనుకున్నాను, ఇంకొక్క క్షణం.

ఆపి తుడిచేసరికి ఆ మాట లేదు. అరచేయంత మేర తెల్లటి మచ్చ. నీలం కూడా పోయి, అడుగున వేసే తెల్ల పూత బయటపడింది. 'కోపం' మిగిలింది. దాని తర్వాత తెలుపు.

షాపు ఆయన పరుగున వచ్చాడు. వాసనకే వచ్చి ఉంటాడు. మచ్చ చూశాడు, ప్యాడు చూశాడు, నన్ను చూశాడు.

"మీ బండి కాబట్టి సరిపోయిందండి" అన్నాడు మెల్లగా. "పర్లేదక్కా. మొదటిసారి అందరూ కాలుస్తారు. నేను మా బావ బండి తలుపు కాల్చానండి, ఇప్పటికీ పండగల్లో అందరిముందూ ఆ సంగతే ఎత్తుతాడు. రేపు పెయింటరు వస్తాడు, బానెట్ మొత్తం అరగదీసి కొత్తగా రంగేసేస్తాడు. ఏం తెలీదు." కొంచెం ఆగి అడిగాడు. "అక్కడే అంతసేపు పెట్టారు, ఏమైనా ఉందాండి?"

"ఏటీ లేదు బాబూ."

అనేశాక నా మాట నాకే వినపడింది. పదో రోజు ఆ గదిలో ఏ గొంతుతో అన్నానో అదే గొంతు. ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇన్నేళ్ళూ నోట్లో తయారుగా ఉన్నట్టు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా అత్త టీవీ ముందుంది. "మెరిసిందా బండి?" అంది. "మెరిసింది" అన్నాను. అన్నం పెట్టాను. ఆవిడ తింటుంటే ఆవిడ చేతులు చూశాను. డెబ్భై అయిదేళ్ళు దాటాయి. నాలాగే బడి మొహం చూడని మనిషి. బానెట్ మీద కొడుకు రాసింది ఆవిడకీ చీమలబారే అయి ఉండేది. అయినా అడుగుతూనే ఉంది. రేపు పెయింటరు అరగదీశాక, రాయలేదని నేను చెప్పిన మాటే నిజమైపోతుంది. కాదనడానికి ఇక ఎక్కడా ఏమీ ఉండదు.

మర్నాడు పొద్దున్న ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, ఆ రోజు ఆయన రాసినాడు. నానే తుడిసేసినాను."

ఆవిడ చేతులు ఆగలేదు. రెండు కాయలు తీసింది.

"ఎంత రాసినాడు?"

"మూడు వరసలు."

"మూడా." చేతులు అప్పుడు ఆగాయి. "ఎందుకు తుడిసేసినావు?"

"ముందురోజు దెబ్బలాడుకున్నాము. ఆ లారీతోనే కాపరం సేసుకోమన్నాను. కోపంలో సదివించుకోలేదు." మిగతాది కూడా చెప్పేశాను. నిన్న మిషను కింద ఒక మాట దొరికిందని, కోపం అని ఉందని, దాని పక్కది చదివేలోగా కాల్చేశానని.

ఆవిడ చేతిలో కాయని చేటలో పడేసింది.

"ఇన్నేళ్ళూ నా మొకం మీదే నేదని సెప్పినావు."

"సెప్పినాను."

"ఏడాదికి ఓపాలి అడిగినాను. కూర వడ్డిస్తా సెప్పినావు."

తిడుతుందనుకున్నాను. చేట పక్కకి నెట్టి, ద్వారబంధం పట్టుకుని లేచింది.

"ఎక్కడుందది?"

"షాపులో. ఈయేళ రంగేసేత్తారు."

"సెప్పులియ్యి" అంది.

ఆటో ఎక్కాము. మేము వెళ్ళేసరికి పెయింటరు ఎమిరీ కాగితాన్ని బకెట్ నీళ్ళలో నానబెట్టి, బానెట్ దగ్గరికి వస్తున్నాడు. కాసేపు ఆగమన్నాను. షాపు ఆయన కుర్చీ తెచ్చాడు. మా అత్త కూర్చోలేదు.

"ఏదీ?"

లైటు దగ్గరికి లాగి, వంచి పెట్టాను. ఆవిడ వంగి చూసింది. చూపు ఆనలేదు. ఆవిడ చూపుడువేలు పట్టుకుని బానెట్ మీద పెట్టాను. నా వేలు పైన ఉంచి, గీత వెంట మెల్లగా నడిపించాను.

"ఇది కో" అన్నాను. "ఇది పం."

వేలు తెల్ల మచ్చ అంచుకి వచ్చి ఆగింది.

"ఇక్కణ్ణించీ?" అంది.

"ఇక్కణ్ణించి నాకు తెలీదత్తా" అన్నాను.